ఈదగలిగినవి, అంటుకోలేనివి

పశువుల ఆసుపత్రిలో నేను ముప్పై నాలుగేళ్ళ రెండు నెలలు పనిచేశాను. డాక్టరును కాను. డాక్టరు వారానికి రెండు రోజులు మాత్రమే వచ్చే ఒక ఉపకేంద్రంలో మిగిలిన రోజులన్నీ ఉండే సహాయకుణ్ణి. రామచంద్రపురం దగ్గరి ఆరు గ్రామాల గేదెలకు కృత్రిమ గర్భధారణ చేయడం నా ప్రధాన విధి. ఊళ్ళవాళ్ళు దాన్ని సూది వేయడం అనేవారు, నన్ను డాక్టరుగారు అనేవారు. రెండూ సరికావని తెలిసినా దేన్నీ నేను దిద్దలేదు.

ఆ ఆరు ఊళ్ళలో పశువుల విషయంలో అందరూ నమ్మే మాట ఒకావిడది ఉండేది. ఆ నమ్మకాన్ని నేను ఒక్క పూటలో చెడగొట్టాను. ఇరవై మూడేళ్ళ తరువాత, మొన్న వేసవిలో, తప్పు నాదని తెలిసింది. ఆ మాటను ఆమెకు తిరిగి ఇవ్వగలనా లేదా అన్నదే అప్పటినుంచి నా ముందున్న ప్రశ్న.

మొదట నా రిజిస్టర్ల గురించి చెప్పాలి. ఆఫీసు ఇచ్చిన పుస్తకంలో తేదీల వరుసన రాసుకుంటూ పోవాలి. అది నాకు తృప్తినివ్వలేదు. అందుకని దానితోపాటు సొంతంగా మరొకటి మొదలుపెట్టాను. ఇంటికొక పేజీ, పేజీకి తొమ్మిది గడులు. వరుస సంఖ్య, తేదీ, గేదె ఎన్నిసార్లు ఈనింది, ఎద కనిపించిన వేళ, నేను సూది వేసిన వేళ, గడ్డకట్టిన వీర్యాన్ని కరిగించిన నీటి వేడి, పోతు నంబరు, మూడు నెలలకు చూసిన ఫలితం. తొమ్మిదవది నేనే ఊహించి చేర్చిన గడి: చూలు నిలవకపోతే కారణం. ఏ గడినీ ఖాళీగా వదలకూడదన్నది నా నియమం. తనిఖీకి వచ్చిన పై అధికారి ఒకాయన ఆ పుస్తకాన్ని తిరగేసి, “ఇంత శుభ్రంగా నేనెక్కడా చూడలేదండి” అన్నారు. ఆ మాటను కూడా తేదీ వేసి చివరి పేజీలో రాసుకున్నాను.

పనిలోనూ అంతే. ద్రవ నత్రజని క్యాను నుంచి తీసిన స్ట్రాను, అంటే వీర్యం నింపిన సన్నని గొట్టాన్ని, ముప్పై ఏడు డిగ్రీల నీటిలో ముప్పై సెకన్లు ఉంచేవాణ్ణి. థర్మామీటరు లేకుండా ఎన్నడూ కరిగించలేదు. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయాలన్న నిబంధనను గంట కూడా తప్పలేదు.

అయితే ఆ ఎద కనిపించడమే గేదెల్లో కష్టం. ఆవు అరుస్తుంది, తాడు తెంపుకుంటుంది. గేదె చాలాసార్లు ఏమీ చేయదు. మూగ ఎద అంటారు దాన్ని. మేత కొంచెం తగ్గడం, పాలు చేపడంలో కొంత ఆలస్యం, తోక కింద సన్నని జిగురు తీగ ఒకటి; అంతే. దాన్ని పసిగట్టడంలో నేను చెప్పిన ఆవిడకు సాటి ఎవరూ ఉండేవారు కాదు. ఆమె భర్త గోదావరి పాయలో వల వేసేవాడు. ఇంటి దగ్గర రెండు గేదెలు ఆమెవి. తెల్లవారుజామున పాల కేంద్రానికి వెళ్ళే దారిలో ఏ పాక ముందైనా ఆగి, “ఒదినా, ఇది ఇయ్యాల ఎదలో ఉంది, సాయంత్రం తోలుకెళ్ళు” అంటే, ఆ ఇంటివాళ్ళు మారుమాట లేకుండా తోలుకొచ్చేవారు. అందుకు ఆమె ఏమీ తీసుకునేది కాదు. వీధిలో ఆమె మాటకు ఉన్న గౌరవమే ఆమెకు ఆస్తి.

ఒక ఏడాది మాకు సరఫరా అయిన ముర్రా జాతి పోతుల స్ట్రాలలో కొత్త నంబరు ఒకటి వచ్చింది. ఆమె గేదె, అప్పటికి మూడుసార్లు ఈనినది, ఆ నంబరుతో రెండుసార్లు పొర్లింది. అంటే నిలవక ఇరవై ఒక్క రోజులకు మళ్ళీ ఎదకు వచ్చింది. మూడవసారి వేయించినా అదే జరిగింది. నాలుగవసారి ఆమె గేదెను తోలుకొచ్చిన రోజు గాలికుంటు టీకాల రోజు. ఆసుపత్రి ముందు ఇరవై మంది దాకా పశువులతో ఉన్నారు.

“డాట్రుగారండీ, ఈసారి ఆ నంబరు వద్దండి. ఇంకో పోతుది ఏదైనా ఉంటే వెయ్యండి.”

“ఏం, ఆ పోతు నీకేం అపకారం చేసింది?”

“దాని సూది మా వీధిలో ఒక్కళ్ళకీ నిలవలేదండి. నాది, మా తోడికోడలిది, చెరువు గట్టు మీదావిడది. అన్నీ నేను చూసిన ఎదలేనండి.” ఆమె కొంగు ముడి విప్పి మూడు ఖాళీ స్ట్రాలు తీసింది. నేను సూది వేసి పారేసినవాటిని ఏరి దాచిందట. “నంబరు మా అమ్మాయి చేత చదివించానండి. మూడిటి మీదా ఒకటే.”

ఇవాళ ఆలోచిస్తే, పోతు నంబరు ప్రకారం లెక్క కట్టిన మనిషి ఆ ఆరు ఊళ్ళలో ఆమె ఒక్కతే. ఆ రోజు నాకు కనిపించింది మాత్రం, చెత్తలోని వస్తువును సాక్ష్యంగా తెచ్చిన చదువురాని మనిషి. “మూడు గేదెలతో లెక్క తేలుతుందా? నా దగ్గర ఆరు ఊళ్ళ లెక్క ఉంది” అని ఆ మూడు స్ట్రాలనూ ఆమె చేతిలోంచి తీసుకుని బుట్టలో వేశాను.

అంతటితో ఊరుకోలేదు. అదే నంబరు స్ట్రా ఒకటి కరిగించి, చుక్క గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. కరిగించాక సగం కణాలు చురుగ్గా ముందుకు కదిలితే స్ట్రా పనికివచ్చేదని ప్రమాణం. ఇక్కడ సగానికి మించే కదులుతున్నాయి. ఆమెను పిలిచి చూడమన్నాను. ఆమె ఒక కన్ను మూసుకుని వంగింది.

“అమ్మో, చేపపిల్లల్లా ఉన్నాయండి!”

“కదులుతున్నాయా, లేదా?”

“బాగా ఈదుతున్నాయండి.” తల ఎత్తి నా వంక చూసింది. “కానీ ఈదితే సరిపోద్దాండి? మా ఆయన గోదాట్లో పొద్దల్లా ఈదగలడు. వల్లో చేప పడకపోతే మాకు కూడెక్కడిదండి?”

గుమిగూడినవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆమెకు మెప్పుగా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలన్నాను, నాలుగూ గుర్తున్నాయి.

“ఎద ఎప్పుడొచ్చిందో తెలుసుకోవటం చేతకాదు గానీ పోతుకి వంకలు పెడుతున్నావు. నా పుస్తకంలో రాసి ఉంది, నీవి మూడుసార్లూ ఆలస్యమే. ఈవిడ మాట పట్టుకుని గేదెల్ని తోలుకురాకండి. మీ గేదెలు పొర్లిపోతున్నది ఇందుకే.”

వెనకనుంచి ఒకతను, “ఇన్నాళ్ళూ మనందరికీ ఎద చూసిపెట్టింది ఈవిడేరా బాబూ! కొంప మునిగింది పదండి” అన్నాడు. మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వు నా తరఫున వచ్చింది. ఆమె గేదె తాడు విప్పుకుని, సూది వేయించకుండానే వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఏ పాక ముందూ ఆమెను ఎవరూ ఆపి అడగలేదు. నేను గమనించాను. గమనించి, నిబంధన ప్రకారం రైతులే స్వయంగా చూసుకోవడం మంచిదని సంతోషించాను. రెండు నెలలకు ఆమె ఆ గేదెను గొడ్డుదన్న పేరుతో సంతలో అమ్మేసింది. ఏడాది దాటాక ఒకరోజు ఆసుపత్రికి వచ్చి, “డాట్రుగారండీ, ఆ గేదె కొన్నోళ్ళ ఊళ్ళో దున్నకి కట్టి ఈనిందటండి. పెయ్యదూడ” అని చెప్పింది. రిజిస్టరు మూయకుండానే, “రాతపూర్వకంగా ఏమైనా ఉందా?” అని అడిగాను. లేదంది. అయితే నేను రాసుకోలేనన్నాను.

ఆ నంబరు స్ట్రాలు మొత్తం పద్నాలుగు నెలలు వచ్చి, ఆ తరువాత ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో మాకు ఉత్తరమేదీ రాలేదు. పై ఆఫీసుకు నెలనెలా పంపే నివేదికలో “పోతులపై ఫిర్యాదులు” అని ఒక గడి ఉండేది. పద్నాలుగు నెలలూ అందులో “లేవు” అని రాసింది నేనే.

మొన్న వేసవి సెలవులకు మా తమ్ముడి మనవరాలు మా ఇంటికి వచ్చింది. పశువైద్య కళాశాలలో మూడవ సంవత్సరం చదువుతోంది. కళాశాలలో ప్రసంగానికి పాత లెక్కలేవైనా కావాలని నా రిజిస్టర్లు అడిగింది. ఎవరో ఒకరు అడుగుతారని పదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను కనుక తొమ్మిదింటినీ దులిపి ముందు పెట్టాను. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఆరు రోజులు కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది; ఆ పద్నాలుగు నెలలూ అందులోనివే. ఏడవ రోజు ఉదయం నేను పేపరు చదువుతుండగా పిలిచింది.

“తాతగారూ, పోతు నంబరు వరుసన పేర్చానండి. ఈ ఒక్క నంబరు దగ్గర దాదాపు అన్నీ సున్నాలేంటండి?”

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. ముప్పై ఎనిమిది సూదులు. నిలిచినది ఒక్కటి. మిగిలిన పోతులకు పదింటికి నాలుగు చొప్పున నిలిచాయి. ఆ ముప్పై ఎనిమిదీ ముప్పై ఒక్క ఇళ్ళవి. ఇంటికొక పేజీ కనుక ఏ పేజీ చూసినా ఒకటో రెండో, మహా అయితే మూడో వైఫల్యాలు. ఏ పేజీలోనూ ఆ పోతు పూర్తిగా కనిపించలేదు. నేను గర్వపడిన పద్ధతే దాన్ని దాచింది.

“కారణం గడిలో ఏముంది?” అని అడిగాను, నాకు తెలిసినా.

“ఇరవై రెండు చోట్ల ఎద గుర్తింపులో ఆలస్యం. తొమ్మిది చోట్ల మేత లోపం. ఆరు చోట్ల గర్భకోశ వ్యాధి అనుమానం.” ఆ పిల్ల కాసేపు తెర వంక చూసి, “తాతగారూ, ఏమీ అనుకోకండి. ఇక్కడ ఎద కనిపించింది ఉదయం ఐదుకి, సూది వేసింది సాయంత్రం ఐదుకి. పన్నెండు గంటలు. మరి ఆలస్యం అని ఎలా రాశారండి?” అంది.

అది ఆ ఆవిడ పేజీయే. మూడు వరుసలూ అలాగే ఉన్నాయి. వేళలు నా చేతివ్రాతలోనే సరిగ్గా ఉన్నాయి, వాటి పక్కనే వాటికి విరుద్ధమైన మాట నా చేతివ్రాతలోనే ఉంది. గడి ఖాళీగా ఉండకూడదు కనుక రాశాను. తెలియదు అని రాయడం నాకు చేతకాలేదు.

“ఆ కణాలు నేను మైక్రోస్కోపులో చూశానమ్మా. బ్రహ్మాండంగా కదిలాయి” అన్నాను. అప్పటికీ నా పక్షాన ఒక అంకె ఉందన్న ఆశ.

“మీరు చూసింది తోక పని తాతగారూ. తల మీద ఏముందో అందులో కనబడదు” అని కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. శుక్రకణం తల మీద ఒక తొడుగు ఉంటుంది. అండం దగ్గరికి చేరేసరికి ఆ తొడుగు విచ్చుకుంటుంది, లోపల దాగిన ఒక ప్రోటీన్ తల పైకి వస్తుంది. దాన్ని ఇజుమో అంటారు. జపానులో పెళ్ళి సంబంధాలు కుదిర్చే దేవుడున్న క్షేత్రం పేరట. అండం పొర మీద దాన్ని పట్టుకునే మరో ప్రోటీన్ ఉంటుంది, దాని పేరు జూనో, అది రోమనుల పెళ్ళిళ్ళ దేవత పేరు. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే కణం అండాన్ని అంటుకుంటుంది, ఆ తరువాతే రెండూ ఒకటవుతాయి. వీటికి తోడుగా పనిచేసే ప్రోటీన్లు మరికొన్ని ఉన్నాయి. ఎలుకల్లో ఇజుమో లేకుండా చేసి చూశారట. మగ ఎలుకలు ఆరోగ్యంగానే ఉన్నాయి, కణాలు చక్కగా ఈదాయి, అండం పై కవచాన్ని కూడా దాటి లోపలికి వెళ్ళాయి. అక్కడ అండాన్ని ఆనుకుని ఊరికే ఉండిపోయాయి. పిల్లలు మాత్రం పుట్టలేదు.

“ఆవుల్లో ఒక జాతిలో కూడా ఉందండి. ఇలాంటి ప్రోటీనే ఒకటి లోపించిన ఎద్దులు. సంఖ్య, కదలిక, ఆకారం, అన్నీ పరీక్షల్లో పాస్. దూడలు మాత్రం దాదాపు లేవు.”

“మన పోతుకు ఇదే లోపమని నిరూపించగలమా?”

“లేదండి. గేదెల్లో ఇంత చూసినట్టు నేను చదవలేదు. ఆ స్ట్రా ఒక్కటైనా ఉంటే, ఖాళీదైనా సరే, లోపల ఎండిన మరక ఉంటే ప్రయత్నించవచ్చేమో.”

మూడు ఖాళీ స్ట్రాలు ఆమె కొంగులోంచి నా చేతికి, నా చేతిలోంచి బుట్టలోకి వెళ్ళిన సంగతి ఆ పిల్లకు చెప్పలేకపోయాను. నిరూపించలేమన్న మాట వినగానే నాకు ముందుగా కలిగింది ఊరట అని కూడా చెప్పలేదు. నా ముఖంలో ఏం చూసిందో గాని, “ఎందువల్లో తెలియదు తాతగారూ. కానీ తప్పు గేదెలది కాదనీ, వాళ్ళది కాదనీ ఈ లెక్కే చెప్తోంది కదండీ” అంది. నేను ఆరు రోజులపాటు భోజనానికి లేవమని బతిమాలిన పిల్ల, ఆ పూట నన్ను భోజనానికి లేవమని బతిమాలింది.

పదకొండు రోజులు ఆలోచించాను. ఉత్తరం రాద్దామనుకున్నాను; ఆమెకు చదువు రాదు. ఫోను చేద్దామనుకున్నాను, నంబరు లేదు. ఇవి రెండూ వెళ్ళకుండా ఉండడానికి వెదుక్కున్న మార్గాలని పన్నెండవ రోజున ఒప్పుకుని, ఆటోలో ఆ ఊరు వెళ్ళాను. చేలు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి. ఆమె ఇల్లు అక్కడే ఉంది, పాక లేదు. భర్త పోయాడట. ఆమె గుమ్మంలో కూర్చుని చేపల తట్టకు తాడు బిగిస్తోంది. గుర్తుపట్టి లేచి, కుర్చీ వేసింది, టీ పెట్టింది. పాలు ప్యాకెట్టువి.

“మీకు ఒక విషయం చెప్పాలని వచ్చానమ్మా” అన్నాను.

“ఇదేంటండి, నన్ను మీరు అంటున్నారు? ఏదో గట్టిదే ముంచుకొచ్చినట్టుంది.”

వెంట తెచ్చిన కాగితం తీసి వేసిన ముప్పై ఎనిమిదీ, నిలవని ముప్పై ఏడూ చదివాను. తొడుగు, తల మీది ప్రోటీన్, అండం మీది ప్రోటీన్, అన్నీ ఆ పిల్ల చెప్పిన క్రమంలోనే చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి మాత్రం, “అంటే దగ్గరికెళ్ళి కూడా పట్టుకోలేవా అండి, పాపం” అంది. చివరకు, ఆ రోజు ఆమె చెప్పినదే సరియైనదని, నా పుస్తకంలోని మాట అబద్ధమని అన్నాను.

ఆమె టీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టింది. తరువాత కోపం లేకుండానే అడిగింది.

“నాకెందుకు చెప్తున్నారండి ఇది? నాకు తెలుసు కదా. ఆ గేదె ఆళ్ళ దగ్గర ఇంకోసారి కూడా ఈనింది. తెలియనిది ఊళ్ళోవాళ్ళకండి. మా తోడికోడలు ఈనాటికీ అంటది, నీ మాట వినే నా గేదె చెడిందని. ఆ రోజు అందరి ముందూ అన్నారు. ఇదీ అందరి ముందూ చెప్పండి.”

మరునాడు ఉదయం ఆరున్నరకు పాల కేంద్రానికి వెళ్ళాను. ఎనిమిది మంది క్యాన్లతో వరుసలో ఉన్నారు, తోడికోడలు వారిలో మూడవది. నన్ను చెప్పమన్న ఆవిడ ముందే వచ్చి గోడ పక్కన నిలబడి ఉంది. కాగితం తీశాను. “శుక్రకణం తల మీద ఉండే ప్రోటీన్...” అని మొదలుపెట్టాను.

“మాస్టారు ప్రోటీను పౌడరు అమ్ముతున్నారేంటండి?” అని వరుస చివర ఒకతను అన్నాడు. నవ్వారు.

నేను రెండవ వాక్యానికి వెళ్ళాను. పోతుల్లో వంశపారంపర్యంగా వచ్చే లోపాలను ఆ రోజుల్లో పరీక్షించే సదుపాయం లేదని ఉంది అందులో. ఆ వాక్యాన్ని రాత్రంతా సానబెట్టి రాసుకున్నాను. గోడ దగ్గరనుంచి ఆమె గొంతు వినిపించింది.

“అయ్యన్నీ నాకు చెప్పారు కదండీ నిన్న. ఈళ్ళకి ఒక్కటే చెప్పండి. నేను ఎద చూడటంలో తప్పానా, తప్పలేదా?”

కాగితం మడిచాను. “తప్పలేదు. ఈవిడ చూసిన ఎదలన్నీ సరైనవే. పోతు మంచిది కాదు. ఈవిడ చెప్పినా నేను వినలేదు. గేదెలు నిలవకపోవడానికి కారణం ఈవిడ అని మీ అందరి ముందూ అన్నాను. అది అబద్ధం. తప్పు నాది.”

“ఎప్పటి మాటండీ ఇది?” అని పాలు కొలిచే అమ్మాయి అడిగింది.

“ఇరవై మూడేళ్ళ కిందటిది.”

“నేనింకా పుట్టలేదండి!” అంది. మళ్ళీ నవ్వారు. తోడికోడలు మాత్రం నవ్వలేదు. క్యాను కింద పెట్టి నన్నూ, ఆమెనూ మార్చి మార్చి చూసి, “ఇన్నేళ్ళూ నేనేగా అన్నానే నిన్ను” అంది. అందుకు కూడా బాధ్యుణ్ణి నేనే కనుక తల దించుకుని నిలబడ్డాను. వరుస ముందుకు కదిలింది.

క్షమించానని ఆమె అంటుందని నేను ఎదురుచూడలేదని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. ఎదురుచూశాను. ఆమె నా దగ్గరికి వచ్చి, కొత్త కోడల్ని పనికి పురమాయిస్తున్నంత మామూలుగా అంది:

“పొద్దున్న పోసేవాళ్ళు వేరండి, సాయంత్రం పోసేవాళ్ళు వేరు. ఆ రోజు ఆసుపత్రి దగ్గరున్నోళ్ళలో నలుగురు సాయంత్రమే వస్తారు. ఐదున్నరకి రండి. కాగితం తేకండి.”

సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు వెళ్ళి, ఆమె చూపించిన చోట నిలబడ్డాను.